రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయట.. మరి మీ కెమెరా లెన్స్ సంగతేంటి?

అసలు నేను రాయాలనుకున్నది ఈ ఆర్టికల్ కాదు. మే నెలాఖరులో రెండు ఫోన్ల కెమెరాలను పోలుస్తూ ఒక రివ్యూ రాద్దామని బయల్దేరాను. ఒకటి రివ్యూ కోసం వచ్చిన కొత్త ఫోన్. రెండోది రెండేళ్లుగా నేను వాడుతున్న నా సొంత ఫోన్. నేనుండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మెట్రో స్టేషన్ కింద కొన్ని ఫోటోలు, అక్కడి నుంచి బైక్ మీద ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా వెళ్లి ఫ్లైఓవర్ల దగ్గర ఇంకొన్ని. మొత్తం సుమారు నాలుగు కిలోమీటర్ల దారి. టైమ్ మధ్యాహ్నం రెండు. నా ఫోన్ ఎప్పట్లాగే హ్యాండిల్‌కి ఉన్న హోల్డర్‌లో, మ్యాప్స్ ఆన్ చేసి ఉంది.

ఎల్‌బీ నగర్‌లో దిగి చూస్తే రెండు ఫోన్లూ మొరాయించాయి. కొత్త ఫోన్‌లో ఫోటోలన్నీ డల్‌గా కనిపించాయి, ఫ్లాష్ పనిచేయలేదు, ఫోర్‌కే వీడియో మధ్యలోనే ఆగిపోయింది. నా ఫోన్‌లో అయితే ప్రతి ఫోటో మీద పాలు పోసినట్టు తెల్లటి పొర, వీడియో జెల్లీలా వణుకుతోంది. నోట్స్‌లో కొత్త ఫోన్ గురించి 'ఔట్‌డోర్ కెమెరా వీక్' అని రాసేసుకున్నాను కూడా. నా ఫోన్‌ని దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక షాపులో చూపిస్తే, అతను స్క్రీన్ వైపు ఒక్కసారి చూసి, 'ఎండకి కెమెరా పోయింది, మాడ్యూల్ మార్చాలి, ఐదున్నర వేలు' అన్నాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి మళ్లీ అదే చోటికి వెళ్లాను. కొత్త ఫోన్ ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. ముందు రోజు తీసిన ఫోటోలను ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే అవి కూడా బాగానే ఉన్నాయి! ఎండకి డిమ్ అయింది స్క్రీన్, ఫోటో కాదు. డిమ్ అయిన స్క్రీన్ మీద చూసి కెమెరా బాగోలేదని తీర్పు ఇవ్వబోయాను. నా ఫోన్ మాత్రం చల్లటి పొద్దున కూడా అదే తెల్లటి పొర, అదే వణుకు.

అంటే ఒకే ఎండలో రెండు ఫోన్లకి రెండు రకాల దెబ్బ. ఒకటి చల్లబడితే పోయేది. రెండోది చల్లబడినా పోనిది. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే ఒక మంచి ఫోన్‌కి చెడ్డ పేరు వస్తుంది, లేదా మన జేబులోంచి వేలు పోతాయి. అందుకే ఆ రివ్యూ పక్కన పెట్టి ముందు ఇది రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు

'ఎండకి లెన్స్ పాడవుతుందా?' అని అడిగితే, లెన్స్ గాజుకి మన ఎండ ఒక లెక్క కాదు. దెబ్బ తినేది ఆ లెన్స్‌ని పట్టుకుని ఉన్న గమ్ము, దాని చుట్టూ ఉన్న సీలు, పైన పూసిన కోటింగు, దాన్ని కదిపే చిన్న మోటారు. వీటిలో సగం దెబ్బలు ఎండ ఒక్కటే కొట్టినవి కూడా కాదు. ఎండతో పాటు దుమ్ము, చెమట, బైక్ వైబ్రేషన్, మన షర్ట్ అంచు కలిసి చేసే పని అది. ఒక్కొక్కటీ చూద్దాం.

ఎండ ఎంత, ఫోన్ ఓర్చుకునేది ఎంత?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది 1966 జూన్ 2న, సరిగ్గా రోహిణి కార్తెలోనే. మామూలు సంవత్సరాల్లో కూడా మే నెల సగటు గరిష్ఠం 39 డిగ్రీల దగ్గర ఉంటుంది.

ఇప్పుడు ఫోన్ కంపెనీల లెక్క చూడండి. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతోంది. వాడకుండా పక్కన పెట్టినా 45 డిగ్రీలు దాటకూడదు. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ చాలావాటికి ఇంచుమించు ఇదే హద్దు. కెనాన్, నికాన్, సోనీ పెద్ద కెమెరాలకు సాధారణంగా 40 డిగ్రీల దాకా అనుమతి ఉంటుంది. అంటే ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో మధ్యాహ్నం ఫోన్ బయటికి తీయడమే కంపెనీ గీసిన గీత దాటడం.

ఇంకో మాట. వాతావరణ శాఖ చెప్పే 41, 42 డిగ్రీలు నీడలో కొలిచినవి. నేరుగా ఎండ పడే నల్లటి ఫోన్ వీపు, బైక్ ట్యాంక్, కారు డ్యాష్‌బోర్డ్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బయట సుమారు 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంట సేపు ఎండలో ఆపిన కార్ల డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీలకు చేరాయి. మన మే నెలకి సరిపోయే వాతావరణమే అది. డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్ పెట్టి ఎల్‌బీ నగర్‌లో టిఫిన్‌కి వెళ్లొచ్చే అలవాటు ఉంటే ఈ నంబర్ గుర్తు పెట్టుకోండి.

లెన్స్ లోపల ఏముంది?

ఫోన్ వెనక మనం వేలితో తాకేది లెన్స్ కాదు. అది కవర్ గ్లాస్. అసలు లెన్స్ దాని కింద ఉంటుంది. అది కూడా ఒకటి కాదు, మెయిన్ కెమెరాలో సాధారణంగా ఆరేడు చిన్న చిన్న బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. చాలా ఫోన్లలో ఈ బిళ్లలన్నీ ప్లాస్టిక్‌వే. అచ్చు పోసి చేస్తారు కాబట్టి చవక, బరువు తక్కువ, ఎలాంటి వంపు కావాలన్నా వస్తుంది.

ప్లాస్టిక్ అనగానే కరిగిపోతుందేమో అని భయపడొద్దు. ఈ ప్లాస్టిక్‌లు సాధారణంగా 120 డిగ్రీలు దాటితే గానీ మెత్తబడవు. కానీ వేడికి గాజు కంటే సుమారు 8 నుంచి 10 రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తాయి. కాంతిని వంచే గుణం కూడా వేడికి గాజులో కంటే వీటిలో ఎక్కువ మారుతుంది. అంటే వేడెక్కిన ఫోన్‌లో ఫోకస్ పడే చోటు కాస్త జరుగుతుంది. ఆటోఫోకస్ ఉన్న మెయిన్ కెమెరా దాన్ని తనే సర్దుకుంటుంది. ఫిక్స్‌డ్ ఫోకస్ ఉండే సెల్ఫీ కెమెరా, చవక ఫోన్ల అల్ట్రావైడ్ కెమెరా సర్దుకోలేవు. ఎండలో సెల్ఫీ కాస్త మెత్తగా వచ్చిందంటే ఇదీ ఒక కారణం కావచ్చు. చల్లబడగానే మళ్లీ మామూలే.

చల్లబడితే పోయేవి

కొత్త ఫోన్‌కి జరిగింది ఇదే. వేడి ఒక హద్దు దాటగానే ఫోన్ తనని తాను కాపాడుకుంటుంది. స్క్రీన్ వెలుగు తగ్గిస్తుంది, ఫ్లాష్ ఆపేస్తుంది, చార్జింగ్ నెమ్మదిస్తుంది, హై రిజల్యూషన్ వీడియో ఆపేస్తుంది. ఇవన్నీ రక్షణ చర్యలే గానీ రోగ లక్షణాలు కావు.

సెన్సార్ సంగతి కూడా ఉంది. వెలుతురు పడకపోయినా వేడి వల్ల సెన్సార్‌లో పుట్టే కరెంట్ ఒకటి ఉంటుంది. ఉష్ణోగ్రత 6 నుంచి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ అది సుమారు రెట్టింపవుతుంది. 24 డిగ్రీలు పెరిగితే 8 నుంచి 16 రెట్లు అన్నమాట. పట్టపగలు షట్టర్ రెప్పపాటులో మూసుకుంటుంది కాబట్టి ఇది కంటికి కనిపించదు. రాత్రి నైట్ మోడ్‌లో, షట్టర్ సెకన్ల కొద్దీ తెరుచుకుని ఉన్నప్పుడు రంగు రంగుల చుక్కలుగా బయటపడుతుంది. చార్జింగ్ పెట్టి, గేమ్ ఆడి, వెంటనే డాబా మీద నైట్ మోడ్ ఫోటో తీసి 'కెమెరా పోయింది' అనుకునేవాళ్లు ముందు ఫోన్‌ని అరగంట చల్లారనివ్వండి.

చల్లబడినా పోనివి: మొదటిది దుమ్ము

ఇక నా ఫోన్ దగ్గరికి వద్దాం. మన హైదరాబాద్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద కట్టిన ఊరు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. అది అరిగి, నలిగి మన రోడ్డు దుమ్ములోనూ చేరుతుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్ మీద క్వార్ట్జ్ స్థాయి 7. మామూలు గాజు 5.5 దగ్గర, ఫోన్లకు వాడే టఫెన్డ్ గాజు 6 దగ్గర ఉంటాయి. జెర్రీరిగ్‌ఎవ్రీథింగ్ యూట్యూబ్ చానల్ చూసేవాళ్లకి ఈ 6, 7 అంకెలు బాగా తెలుసు. ఎన్ని కొత్త గాజులు వచ్చినా గీతలు మొదలయ్యే చోటు అక్కడక్కడే తిరుగుతుంది. సఫైర్ మాత్రం 9. ఐఫోన్ 5 నుంచి ఆపిల్ లెన్స్ కవర్‌కి సఫైర్ వాడుతున్నది అందుకే. మిగతా చాలా ఫోన్లలో ఉండేది గాజే.

ఇప్పుడు దృశ్యం ఊహించుకోండి. కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ వైపు మధ్యాహ్నం ప్రయాణం. ముందు లారీ, పక్కన విజయవాడ బస్సు, ఎండిన గాలి. లెన్స్ మీద సన్నటి దుమ్ము. చేతికి చెమట. ఫోటో తీసే ముందు మనం ఏం చేస్తాం? షర్ట్ అంచుతో ఒక్క తుడుపు తుడుస్తాం. చెమట, దుమ్ము కలిస్తే అది అచ్చంగా సానబెట్టే పేస్ట్. ఎండాకాలంలో రోజుకి పది సార్లు ఇలా సానబెడితే ముందు వేలిముద్రలు అంటకుండా పూసిన కోటింగ్ పోతుంది, తర్వాత సన్నటి గీతలు పడతాయి. ఆ గీతలు మామూలుగా కనిపించవు. ఎదురుగా సూర్యుడో, రాత్రి బండి హెడ్‌లైటో ఉన్నప్పుడు వెలుతురు వాటి మీద పడి చెదిరిపోయి, ఫోటో మొత్తం తెల్లటి పొరగా మారుతుంది.

అంటే ఈ గీతలకు ఎండ నేరుగా కారణం కాదు. ఎండ దుమ్ముని లేపుతుంది, చెమట పట్టిస్తుంది. గీకేది మనమే.

రెండోది గమ్ము: మే ఎండ, జులై మబ్బు

కవర్ గ్లాస్‌ని ఫోన్‌కి అంటించి ఉంచేది గమ్మే. ఫోన్ వీపు, దాని చుట్టూ నీళ్లు రాకుండా ఆపే సీలు కూడా గమ్మే. వేడికి మెత్తబడి, చల్లబడితే గట్టిపడి, రోజూ ఇలా జరిగితే అంచుల్లో పట్టు వదులుతుంది. ఫోన్ రిపేర్ చేసేవాళ్లు వెనక గాజు ఊడదీయడానికి ముందు హీట్ ప్యాడ్ మీద పెట్టడం చూసే ఉంటారు. ఎండలో డ్యాష్‌బోర్డ్ చేసే పని కూడా నెమ్మదిగా అదే.

ఐపీ68 ఉంది కదా, మనకేం కాదు అనుకోవద్దు. ఆ రక్షణ శాశ్వతం కాదని, వాడకంతో తగ్గుతుందని ఆపిల్ లాంటి కంపెనీలే రాతపూర్వకంగా చెబుతాయి. ల్యాబ్‌లో టెస్ట్ చేసేది కొత్త ఫోన్‌ని. మన చేతిలో ఉన్నది మూడు ఎండాకాలాలు చూసిన ఫోన్.

ఈ నష్టం మేలో కనిపించదు. వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, చల్లబడితే బయటి గాలి లోపలికి వస్తుంది. సీలు వదులైతే ఆ గాలితో పాటు దుమ్ము, తేమ కూడా వెళ్తాయి. జులైలో వాన మొదలయ్యాక ఒక రోజు పొద్దున్నే కవర్ గ్లాస్ లోపలి వైపు మబ్బు పడుతుంది. మనం వానని తిడతాం. తలుపు తెరిచింది మాత్రం మే నెల ఎండ.

ఏసీ గదిలోంచి బయటికి వస్తే లెన్స్ మీద ఆవిరి పట్టడం దీనికి వేరు. అది కూడా లెక్క తెలిస్తే ముందే చెప్పొచ్చు. మేలో బయట 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉంటే, 16 డిగ్రీల కంటే చల్లటి వస్తువు మీదే ఆవిరి పడుతుంది. మన ఏసీ గది 22, 24 డిగ్రీలు, కాబట్టి బయటికొచ్చినా ఏమీ కాదు. అదే వానాకాలంలో 32 డిగ్రీలు, తేమ 65 శాతం ఉంటే, 24 డిగ్రీల వస్తువు మీద కూడా ఆవిరి పడుతుంది. పైన పడితే పది నిమిషాల్లో దానంతట అదే పోతుంది. గాజు లోపల పడి, గంటలైనా పోకపోతే సీలు పోయినట్టే.

మూడోది మోటారు: బైక్ హోల్డర్ తెచ్చిన తంటా

ఓఐఎస్ ఉన్న ఫోన్లలో చాలావాటిలో లెన్స్ బిగించి ఉండదు. సన్నటి తీగలు లేదా స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. పక్కనే తీగచుట్ట, అయస్కాంతం. మన చెయ్యి వణికినప్పుడు అవి లెన్స్‌ని ఎదురు దిశలో జరిపి ఫోటోని నిలబెడతాయి. అంత సున్నితమైన యంత్రాన్ని మనం బైక్ హ్యాండిల్‌కి కట్టేస్తున్నాం.

2021 సెప్టెంబర్‌లో ఆపిల్ తన సపోర్ట్ పేజీలో నేరుగా హెచ్చరించింది. శక్తివంతమైన ఇంజిన్ ఉన్న బైకులకు ఐఫోన్‌ని బిగిస్తే ఆ వైబ్రేషన్‌కి ఓఐఎస్, ఆటోఫోకస్ పనితీరు దెబ్బతినవచ్చని చెప్పింది. స్కూటర్లు, ఎలక్ట్రిక్ బండ్ల వైబ్రేషన్ తక్కువే అయినా, అదుర్లు తగ్గించే మౌంట్ వాడమని, ఎక్కువ సేపు రోజూ అలా పెట్టొద్దని సలహా ఇచ్చింది. ఇది ఐఫోన్‌కే పరిమితం కాదు, ఓఐఎస్ ఉన్న ఏ ఫోన్‌కైనా అదే సూత్రం.

మన దగ్గర దీనికి ఎండ కూడా తోడవుతుంది. హ్యాండిల్ మీద ఫోన్‌కి నెత్తిన సూర్యుడు, ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్ ఆన్, ఒక్కోసారి చార్జింగ్ కూడా. ఫుడ్ డెలివరీ, బైక్ ట్యాక్సీ చేసే కుర్రాళ్లు రోజుకి పది గంటలు ఇలాగే తిరుగుతారు. వాళ్లకి ఫోన్ సరదా వస్తువు కాదు, అన్నం పెట్టే పనిముట్టు. అలాంటివాళ్లు మీ ఫ్రెండ్స్‌లో ఉంటే చెప్పండి: నావిగేషన్‌కి పాత ఫోన్ పెట్టుకుని మంచి కెమెరా ఫోన్ జేబులో ఉంచుకోవడం అన్నిటికంటే చవకైన ఇన్సూరెన్స్.

ఒక చిన్న భయం కూడా తీర్చాలి. కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫోన్ ఊపితే లోపల టిక్ టిక్ అని చప్పుడు వస్తోందా? ఓఐఎస్ ఉన్న చాలా ఫోన్లలో అది మామూలే. కెమెరా యాప్ తెరిచాక కూడా ఆగకపోతే, దానంతట అదే గరగరలాడితే అప్పుడు అనుమానించాలి.

పెద్ద కెమెరా ఉన్నవాళ్లకి

పెళ్లి ఫోటోగ్రఫీ చేసే ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు. ఎండాకాలం అంతా వాడిది ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలోనే పని. ముహూర్తం హాల్లో, బ్యాగ్ పార్కింగ్‌లో ఉన్న కారులో. వాడి జూమ్ లెన్స్ మీది రబ్బర్ రింగ్ సాగిపోయి వదులుగా తిరుగుతోంది. ఇంకో పాత మాన్యువల్ లెన్స్ కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాని అపర్చర్ రేకులకి నూనె పట్టి నెమ్మదిగా మూసుకుంటున్నాయి. రెండింటికీ వేడితో సంబంధం ఉంది. పాత లెన్సుల్లో ఫోకస్ రింగ్ తిరగడానికి వాడే గ్రీజ్ వేడికి పల్చబడి రేకుల మీదికి పాకుతుంది. ఇంకా పాతవైతే గాజు బిళ్లలను అతికించిన కెనడా బాల్సమ్ అనే చెట్టు బంక వేడికి మెత్తబడి, అంచుల్లో విడిపోతుంది. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు టార్చ్ వేసి అంచులు, రేకులు చూడమనేది అందుకే.

వేడిని లెన్స్ కంపెనీలు ఎంత సీరియస్‌గా తీసుకుంటాయో క్రికెట్ మ్యాచుల్లో చూడొచ్చు. బౌండరీ దగ్గర కనిపించే కెనాన్ పెద్ద టెలీఫోటో లెన్సులు తెల్లగా ఉండేది స్టయిల్ కోసం మాత్రమే కాదు, ఎండకి తక్కువ వేడెక్కడం కోసం. వాటిలో వాడే ఫ్లోరైట్ గాజు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. చాలా టెలీఫోటో లెన్సుల ఫోకస్ రింగ్ ఇన్ఫినిటీ గుర్తు దాటి ఇంకాస్త తిరుగుతుంది. అది తయారీ లోపం కాదు, వేడికి ఫోకస్ జరిగితే సర్దుకోవడానికి వదిలిన ఖాళీ.

మిర్రర్‌లెస్ కెమెరా వాళ్లకి ఒక హెచ్చరిక. లెన్స్‌కి క్యాప్ పెట్టకుండా సూర్యుడి వైపు తిప్పి వదిలేయొద్దు. భూతద్దంతో కాగితం కాల్చినట్టే లోపల సెన్సార్ గానీ షట్టర్ తెర గానీ కాలిపోవచ్చు.

రిపేర్ షాపుకి వెళ్లే ముందు మీరే చేసుకునే టెస్ట్

దీనికి ఏ చార్టూ కొనక్కర్లేదు. మన మెట్రో పిల్లర్లన్నిటి మీదా నంబర్లు ఉన్నాయి కదా, అవే మన ఫోకస్ చార్ట్.

1. పొద్దున ఏడింటికి, ఫోన్ చల్లగా ఉన్నప్పుడు, రోడ్డు పక్కన సేఫ్‌గా నిలబడి ఒక పిల్లర్ నంబర్ ఫోటో తీయండి. అదే చోట మధ్యాహ్నం ఇంకోటి తీయండి. రెండూ ల్యాప్‌టాప్‌లోనో, ఇంకో ఫోన్‌లోనో చూడండి. పొద్దున బాగుండి మధ్యాహ్నం బాగోలేకపోతే అది వేడి, చల్లబడితే పోతుంది. రెండూ బాగోలేకపోతే కింది టెస్టులు చేయండి.

2. లెన్స్ ప్రొటెక్టర్ ఉంటే తీసేసి మళ్లీ ఫోటో తీయండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

3. చీకటి గదిలో ఇంకో ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి లెన్స్ మీద వేయండి. గీతలు పైన ఉన్నాయా, మబ్బు లోపల ఉందా తెలిసిపోతుంది.

4. ఫోన్‌ని గోడకి ఆనించి కదలకుండా వీడియో తీయండి. ఫోన్ కదలకపోయినా బొమ్మ వణికితే ఓఐఎస్ సమస్య.

5. అల్ట్రావైడ్‌కి మారి అదే వీడియో తీయండి. చాలా ఫోన్లలో దానికి ఓఐఎస్ ఉండదు. అందులో వణుకు లేకపోతే అనుమానం ఖాయం.

ఈ ఐదూ అయ్యాక షాపుకి వెళ్తే, వాళ్లు చెప్పింది వినే బదులు మనమే ఏం కావాలో చెప్పగలం.

ఇవి పాటిస్తే చాలు

దుమ్ము ఉన్నప్పుడు ముందు ఊదే రబ్బర్ బ్లోయర్‌తో దుమ్ము పోగొట్టండి, తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. బ్లోయర్ లేకపోతే ఫోన్‌ని తలకిందులు చేసి మెత్తటి బ్రష్‌తో దులపండి. షర్ట్, చున్నీ, టిష్యూ పేపర్ వద్దు.

సన్‌స్క్రీన్, దోమల క్రీమ్ రాసుకున్న చేతులతో లెన్స్ తాకొద్దు. కొన్ని దోమల క్రీముల్లో ఉండే రసాయనాలు ప్లాస్టిక్‌ని, కోటింగ్‌ని తినేస్తాయి.

వేడెక్కిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తడి గుడ్డ చుట్టొద్దు. కేస్ తీసి, నీడలో, ఫ్యాన్ కింద పెడితే చాలు.

కారులో తప్పదంటే సీటు కింద, ఎండ తగలని చోట, గుడ్డ సంచిలో పెట్టండి. డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం వద్దు.

వానాకాలం మొదలవ్వకముందే పెద్ద లెన్సులను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫంగస్ రాదు, రబ్బరూ ఎండిపోదు.

ఇంతకీ నా ఫోన్ ఏమైంది?

మొదటి షాపులో డబ్బు కట్టకుండా, ఫ్రెండ్ చెప్పిన ఇంకో చిన్న షాపుకి వెళ్లాను. అక్కడి అన్న కంటికి లూప్ పెట్టుకుని ఫోన్‌ని టార్చ్ కింద అటూ ఇటూ తిప్పాడు. ఫుట్‌పాత్ మీద నేను వంద రూపాయలకు కొని అంటించిన లెన్స్ ప్రొటెక్టర్‌ని గోరుతో లేపాడు. వేడికి దాని గమ్ము కరిగి లెన్స్ మీదికి పాకి ఉంది. దాని కింద దుమ్ము.

'తమ్మీ, లోపల కెమెరా మంచిగనే ఉంది. పైన అద్దం గీకింది, గంతే. అద్దం మార్చుత. మూడు వందల యాభై.'

పావుగంటలో తెల్లటి పొర మాయం. ఫోటోలు రెండేళ్ల కిందటిలా వచ్చాయి. సంతోషంగా వీడియో ఆన్ చేశాను. వణుకు మాత్రం అలాగే ఉంది.

'అన్నా, ఇది?'

'గిది నా చేతిల లేదు తమ్మీ. ఓఐఎస్ పోయింది. మాడ్యూల్ మార్చాల్సిందే. గానీ ముందుగాల బండి మీద పెట్టుడు బంద్ చెయ్యి. లేకుంటే కొత్తది గూడ గట్లనే పోతది.'

అంటే మొదటి షాపతను చెప్పిందాంట్లో సగం నిజమే. మాడ్యూల్ పోయింది. కానీ ఎండకి పోలేదు, తెల్లటి పొరకి దానికి సంబంధమే లేదు. ఐదున్నర వేలు కట్టి మాడ్యూల్ మార్చుకుని ఉంటే, గీతలు పడ్డ అద్దం వెనక కొత్త కెమెరా ఉండేది, నేను మళ్లీ దాన్ని హ్యాండిల్‌కే తగిలించేవాణ్ని. కారణం తెలియకుండా చేయించే రిపేర్ అంటే అంతే.

ప్రస్తుతానికి మాడ్యూల్ మార్చలేదు. ఫోటోలకి ఆ ఫోన్, వీడియోకి ఇంకోటి వాడుతున్నాను. హ్యాండిల్ మీద హోల్డర్ తీసేశాను. మ్యాప్ చూడాలంటే బండి పక్కకి ఆపి, ఏదైనా మెట్రో పిల్లర్ నీడలో నిలబడి చూసుకుంటున్నాను. కొత్త ఫోన్ గురించి నోట్స్‌లో రాసిన 'ఔట్‌డోర్ కెమెరా వీక్' అనే లైన్ కొట్టేశాను. ఆ రివ్యూ వచ్చే వారం. ఫోటోలన్నీ పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రెండు పూటలా తీసినవే ఉంటాయి.